గట్టు వదలడం

అక్కకి పక్షవాతం వచ్చేనాటికి చెల్లెలు ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పేది. ఆ పని మానేసి అక్కని చూసుకుంది. ఒళ్ళు తుడవడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం, ముద్దలు కలిపి పెట్టడం, వీటితోనే ఏళ్ళు గడిచిపోయాయి. మొన్న వానాకాలంలో అక్క పోయింది.

"ఇప్పటికైనా నీకు కాస్త ఊపిరి సలుపుతుందిలే" అన్నాడు అన్నయ్య ఫోన్లో.

ఊపిరి సలపలేదు సరికదా, ఏ పనీ తోచక కాళ్ళూ చేతులూ కట్టేసినట్టయింది. గిన్నెల చప్పుడు తప్ప ఇంట్లో మాట లేదు. కూరలమ్మే ఆవిడతో బేరానికి నోరు తెరిస్తే గొంతు బొంగురుగా పలికేది. కంటిమీద కునుకు ఉండేది కాదు. చూసిపోదామని వచ్చిన వదిన అది కనిపెట్టి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్దామంది.

"నాకు పిచ్చి పట్టిందనుకుంటున్నావా వదినా?"

"పన్ను నొప్పెడితే డాక్టరు దగ్గరికి వెళ్ళవూ? ఇదీ అంతే. పద, నేనూ వస్తాను."

కౌన్సెలర్ జుట్టు నెరిసిన పెద్దావిడ. ఏం అడిగినా చెల్లెలి నోట అక్క గురించే వచ్చేది. మీకేం ఇష్టమంటే, "అక్కకి కిటికీ తీసి ఉంచితే ఇష్టమండీ" అనేది.

"అక్క సంగతి కాదమ్మా, మీ సంగతి."

"అక్కని సాగనంపి వచ్చిన రాత్రి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయానండీ" అంది చెల్లెలు. "హాయిగా. తోడబుట్టినది చేసే పనేనా అది?"

"అన్నేళ్ళు సగం మెలకువతో పడుకున్నారు కదా. దాన్ని మీరు తప్పంటున్నారు. నేను అలసట అంటాను."

అప్పుడొచ్చింది ఏడుపు. కౌన్సెలర్ ఆపమనలేదు.

తర్వాత కూడా కొన్ని వారాలు ఊరికే కూర్చుని వచ్చిన రోజులే ఎక్కువ. ఒకరోజు అక్కతో పడ్డ కీచులాటలు చెప్పుకుని నవ్వింది. ఈత మాట ఆ రోజే దానంతటదే వచ్చింది.

తను ఒకప్పుడు పనిచేసిన కొలనులో పిల్లలకి నేర్పేవాళ్ళు ఉన్నారు. నీళ్ళంటే భయపడే పెద్దవాళ్ళకే ఎవరూ లేరు. వెళ్ళి అడిగితే ఆ క్లాసు ఆమెకిచ్చారు. మొదటిరోజే రిటైరైన టీచరమ్మ ఒకావిడ గట్టు వదలనంది.

"మునిగిపోతే మా ఆయన ఇంకో పెళ్ళి చేసుకుంటాడు."

"ఆయనకంత అదృష్టం పట్టనివ్వనులెండి. బరువు నా చేతులమీద వెయ్యండి."

టీచరమ్మ కాళ్ళు మెల్లగా తేలాయి. ఒక చెయ్యి మాత్రం గట్టునే పట్టుకుని ఉంది.

తడిజుట్టుతో ఇంటికొచ్చిన చెల్లెలికి ఇదంతా ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. వదిన ఫోన్ ఎత్తలేదు. అన్నయ్య పనిలో ఉన్నానన్నాడు. టీచరమ్మ చేత రెండో చెయ్యి ఎలా వదిలించాలా అని ఆలోచించుకుంటూ ఒక్కతే అన్నం తింది.