నేలదాకా దిగిన ద్వారం

చెర్రీ పూలు విచ్చే రోజుల్లో ఫుసాయె పొద్దున్నే లేచి చేసే పని ఒకటే. కిందటేడు ఉప్పులో ఊరేసిన చెర్రీ ఆకుల్ని నీళ్ళలో జాడించి, తీపి బియ్యపుండల్ని వాటిలో చుట్టి, పెట్టెలో సర్దుతుంది. కొండ మీది పాత గుడికి పూలు చూడ్డానికొచ్చేవాళ్ళు అవి తింటూ మెట్లెక్కుతారు.

ఆ రోజు చేతులు ఆకులు చుడుతున్నా మనసు మాత్రం టెలిఫోను దగ్గరే ఉండిపోయింది. ముందురోజు ఒసాకా నగర కార్యాలయం నుంచి ఎవరో గుమాస్తా ఫోను చేశాడు. షిగెజి అనే ఆయన అద్దెగదిలో పోయాడనీ, దహనం కూడా అయిపోయిందనీ చెప్పి, ఆయన అక్కగారు మీరేనా, అస్థికలు తీసుకెళ్తారా అని మర్యాదగా అడిగాడు.

"నాకు తమ్ముళ్ళెవరూ లేరండీ," అంది ఫుసాయె. ఫోను పెట్టేశాక చాలాసేపు చేతులు కడుక్కుంది.

కారణం లేకపోలేదు. ఇవాళ గుడి పండగ. మనవరాలు కొతొమి దేవుడి ముందు నాట్యం చెయ్యాలి. చలికాలమంతా చల్లటి నేల మీద పాదాలు పగిలేలా నేర్చుకుంది పిల్ల. చావు మైల ఉన్న ఇంటివాళ్ళు ఆ గుడిలోకి రాకూడదు. ఆ సంగతి ఊళ్ళో ఒకరు చెప్పక్కర్లేదు, కొండ కిందున్న ఎర్ర ద్వారమే చూసుకుంటుంది. మైల మనిషి వస్తే పైదూలం ఛాతీదాకా దిగి అడ్డంగా నిలబడుతుంది. మంగలి కజుహెయి తన తండ్రి పోయిన కొత్తలో మర్చిపోయి వస్తే అలాగే దిగింది. ఆయన "అవును కదూ" అని దూలానికి వంగి దణ్ణం పెట్టి, బయట చెట్టు కింద కాసేపు కూర్చుని ఇంటికెళ్ళిపోయాడు. దాన్నెవరూ వింతగా చెప్పుకోలేదు.

తమ్ముడే లేడన్నాక మైల ఎక్కడిదని ఫుసాయె తనకు తానే నచ్చజెప్పుకుంది.

షిగెజి చెడ్డవాడేం కాదు, తాగుబోతు. కొతొమి పసిపిల్లగా ఉన్నప్పుడు ఓసారి పూల రోజుల్లో వచ్చి, గుడిచెట్టు కొమ్మ విరిచి పిల్ల జుట్టులో పెట్టాడు. ఆ చెట్టు కొమ్మ విరవడమంటే ఆ ఊళ్ళో తలెత్తుకునే పని కాదు. ఇంకెప్పుడూ నా గడప తొక్కకని ఫుసాయె తలుపేసుకుంది. అతను మళ్ళీ రాలేదు.

మధ్యాహ్నం తెల్లచొక్కా, ఎర్రలంగా కట్టుకున్న మనవరాలి చెయ్యి పట్టుకుని ఆమె ద్వారం దగ్గరికొచ్చింది. దూలం దిగింది. ఛాతీ దగ్గర ఆగలేదు, మోకాళ్ళదాకా వచ్చింది.

వెనకున్న జనం మాటలాపేశారు. పక్కింటి ఇచియో మెల్లిగా అడిగింది. "ఎవరు పోయారు వదినా? మాకు కబురైనా చెప్పలేదే."

"ఎవరూ పోలేదమ్మా. దీనికి ముసలితనం వచ్చినట్టుంది."

దూలం ఇంకా దిగి నేలను ఆనుకుంది. అంతలా అది ఎవరికీ వంగలేదు. ఫుసాయెకి తల కొట్టేసినట్టయింది. ఊరి వాళ్ళ వైపు చూడగలిగింది గానీ పక్కనే ఉన్న పిల్ల మొహం చూడలేకపోయింది.

ముసలి పూజారి అవతలి నుంచి వచ్చి, దూలం పక్కన చతికిలబడ్డాడు. కోపం లేదు ఆయన గొంతులో.

"ఏడ్చేవాళ్ళు నలుగురుంటే, ఒక్కొక్కరికీ ఛాతీదాకా దిగితే చాలమ్మా. పోయినవారికి మీరొక్కరే ఉన్నట్టున్నారు."

"మా తమ్ముడు," అంది ఫుసాయె, దూలం వైపే చూస్తూ. "నిన్న అడిగితే, లేడన్నాను."

కొతొమి వెనక్కి తిరిగింది. జుట్టులో పెట్టుకున్న నాట్యపు పూలు ఒక్కొక్కటే తీసి, వెనక నిలబడ్డ ఇచియో కూతురి చేతిలో పెట్టింది. ఆ పిల్లకీ అడుగులు వచ్చు. పూజారి పిలిస్తే ఆ పిల్ల కొండ వెనక దారిన పైకెళ్ళింది. అమ్మమ్మా మనవరాలూ ఇంటికొచ్చేశారు. చెప్పులు విప్పుతూ కొతొమి అడిగింది, ఆయన ఇప్పుడెక్కడున్నాడని.

ఫుసాయె ఒసాకాకి ఫోను చేసి, నిన్న అబద్ధం చెప్పానంది. ఎవరూ తీసుకెళ్ళని అస్థికలన్నీ రేపు పొద్దున్నే ఒకే గోతిలో కలిపేస్తున్నారట. సాయంత్రం లోపు రాగలరా అని అడిగాడు గుమాస్తా, ఆమెను ఒక్క మాటా అనకుండా. తిట్టినా బాగుండేదనుకుంది ఆమె.

తిరుగు రైల్లో ఆమె పక్కన కొతొమి, ఒళ్ళో తెల్లగుడ్డ చుట్టిన పెట్టె. ఎంత తేలిగ్గా ఉందో. అందరూ చూస్తున్నారనిపించి శాలువా కప్పబోయింది. ఎదుటి సీటు పెద్దాయన టోపీ తీసి, "మీ వారా?" అని అడిగాడు.

ఫుసాయె చెయ్యి ఆగింది. శాలువా మడిచి పక్కన పెట్టింది.

"మా తమ్ముడండీ. షిగెజి. చాలా ఏళ్ళయింది ఇంటికొచ్చి."

కొతొమి కిటికీ వైపు జరిగి చేతులు చాచింది.

"ఇలా ఇవ్వు అమ్మమ్మా. ఏటి గట్టు చెర్రీ చెట్లు ఇటువైపే వస్తాయి."