మెట్ల కింద సైలెన్సర్

నేను ఒక సైలెన్సర్ని. కారు వెనక, ఎవరి కంటా పడకుండా వేలాడే ఇనప డబ్బాని. నా లోపల మూడు అరలు, వాటి నిండా చిల్లులు. ఇంజను మండి వదిలే పొగ, కేకలు పెట్టుకుంటూ నాలోకి వస్తుంది. ఆ అరల్లో తిప్పి తిప్పి, దాని కోపం చల్లార్చి బయటకు పంపుతాను.

ఫ్యాక్టరీలో నన్ను ఆ ఇంజను కొలతకే చేశారు. దాని వేడి నా ఒంట్లోకి పాకిన మొదటి రోజే అది నా బిడ్డ అనుకున్నాను. అప్పటినుంచి నాకు భయమే. గతుకు తగిలితే భయం, వాన నీళ్లలోకి దిగితే భయం. మనుషులు నవ్వుతారు గానీ, భయపడేవాళ్లు ఒకరుంటేనే బండి నడుస్తుంది.

మా యజమాని లోకనాథం. విశాఖపట్నంలో, కంచరపాలెంలో ఇల్లు. తల్లి పైడమ్మతో ఉంటాడు. నాలుగేళ్లు హాయిగా గడిచాయి. ఒకనాడు స్నేహితుడెవరో, "నీ కారేటిరా, పాలు తాగిన పిల్లిలాగెల్తంది" అన్నాడట. అంతే. మర్నాడే గాజువాక ఆటోనగర్‌లో జిలానీ షెడ్డుకు తీసుకెళ్లాడు.

"పెద్ద పైపు వేయిద్దాం సార్. సౌండుంటేనే పవరు" అన్నాడు జిలానీ.

వీళ్లకు ఎలా చెప్పను? పొయ్యి ఊదే గొట్టం సన్నగా ఉంటేనే ఊపిరి జోరుగా పోయి నిప్పు రాజుకుంటుంది. బిందెలోకి ఊదితే రాజుకుంటుందా? ఇంజనుకూ అంతే. పైపు మరీ వెడల్పయితే, నెమ్మదిగా వెళ్లేటప్పుడు పొగలో జోరు తగ్గిపోతుంది. ముందు వెళ్లే పొగ వెనకదాన్ని లాగదు. హైవే మీద పరుగెత్తితే కాస్త చురుకు కనిపిస్తుందేమో, మొదటి గేరులో బరువు లాగాల్సివస్తే మాత్రం ఆ చిన్న ఇంజనుకు సత్తువ చాలదు. అరుపు బలమైతే కాకులన్నీ ఏనుగులే.

నన్ను కోసి కింద పడేశారు. పాతసామాన్లకు వేయబోతే పైడమ్మ ఒప్పుకోలేదు. "బండితో పుట్టిన ముక్కరా అది. పారెయ్యకు" అని ఇంటికి తెప్పించి, మెట్ల కింద నిలబెట్టింది.

అక్కణ్ణుంచి రోజూ వింటూ ఉండేదాన్ని. కారు వీధి మలుపులో ఉండగానే గోల. ఆ గోలలో నా బిడ్డ గొంతు వెతుక్కునేదాన్ని. కదిలేటప్పుడు దాని తడబాటు నాకు తెలిసేది. ఎవరికి చెప్పను? ఒక్కసారి దాని వేడి మళ్లీ తగిలితే చాలనుకునేదాన్ని.

పైడమ్మ మాత్రం నన్ను మరవలేదు. శుక్రవారం కారుకు పసుపునీళ్లు చల్లి బొట్టు పెట్టినప్పుడల్లా నా దగ్గరకూ వచ్చేది. "నువ్వూ బండివే కదే" అంటూ మిగిలిన నీళ్లు నా తలమీద పోసేది. నాకెంత సంతోషమో!

కార్తీకంలో తల్లీకొడుకులు, పైడమ్మ అక్కలిద్దర్నీ ఎక్కించుకుని పాడేరు మోదకొండమ్మ దర్శనానికి వెళ్లారు. ఘాటు రోడ్డని విన్నప్పటినుంచీ నా గుండె గుండెలో లేదు. తిరిగొచ్చాక పైడమ్మ మెట్ల మీద కూలబడి పక్కింటి నూకరత్నంతో చెప్పింది.

"ఒలే, పేనాలు పోయినాయనుకున్నానే! మలుపుకాడ బస్సుకి దారిచ్చి ఆగినాం. మళ్లీ కదిలితే ఒట్టు. గోలేమో కొండంత, లాగడం మాత్రం లేదు. ఎనక్కి లోయలోకి జారిపోతంది. నానే దిగి చక్రం కింద రాయెట్టినాను."

"అరిసినంత అరిసి ఆగిపోనాదన్నమాట, మా ఆయన్లాగ" అంది నూకరత్నం.

పైడమ్మ నవ్వలేదు. కొడుకు వైపు తిరిగి, "పాతది బిగించీరా. లేదంటే ఆ కారెక్కను, నిన్నూ ఎక్కనివ్వను" అంది.

మర్నాడు తనే నన్ను ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. ఆ దారంతా నేను పడ్డ ఆశ ఇంతా అంతా కాదు.

జిలానీ నన్ను తిరగేసి సుత్తితో తట్టాడు. బొలబొలా తుప్పు రాలింది. అడుగున చిల్లు పడింది. "అమ్మా, లోపలంతా కుళ్లిపోయింది. నీళ్లెలా పోయాయి ఇందులోకి?"

పైడమ్మ ముఖం పాలిపోయింది. "నానే బాబూ... సల్లగుంటాదని శుక్రవారం శుక్రవారం పసుపునీళ్లు పోసినాను."

"బండికి దిష్టి తీయాలి గానీ, సైలెన్సర్‌కి తలంటుతారేటమ్మా!" అని నవ్వబోయి, ఆవిడ కళ్లు చూసి ఆగిపోయాడు.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ప్రేమ ఎక్కడ ఆపాలో తెలియని వాళ్లం ఇద్దరమూ.

అచ్చం నాలాంటిదే కొత్తది తెప్పించారు. అవే అరలు, అదే కొలత. నా కళ్లముందే నా చోట బిగించారు. పైడమ్మ నన్ను తాకి కళ్లకద్దుకుంది. జిలానీ నన్ను తుక్కు కుప్ప మీదికి విసిరాడు.

కారు కదిలింది. షెడ్డు ముందు రోడ్డు కాస్త ఎత్తు. మొదటి గేరులో ఎక్కాలి. తడబడుతుందా, దగ్గుతుందా అని ఒళ్లంతా చెవులు చేసుకున్నాను. మెత్తగా, ఒక్క ఊపులో ఎక్కేసింది. ఆ తర్వాత నాకేమీ వినబడలేదు.

ఈపాటికి ఇల్లు చేరి ఉంటుంది లెండి. దారిలో గతుకులున్నాయి గానీ... చేరే ఉంటుంది.