లోపలి గడియ

తల తెగిపోయిన సంగతి కాళ్లకి ఇంకా తెలియదు, అందుకే గాల్లోనే పరిగెత్తుతున్నాయి, తెలిసేదాకా కోడి బతికున్నట్టే కదా, ఎంతసేపు పడుతుందో తెలియడానికి, అని జిపార్ అనుకుంటూ ఉండగానే ఆ కాళ్లు ఆగిపోయాయి, ఎవరో కొత్తగా కొన్న తెల్లకారు ముందు చక్రానికి కోడి మెడ పట్టి రుద్దారు, రక్తం టైరు గాడుల్లోకి దిగి నల్లబడింది, గడ్డం పెద్దాయన అరచేతులు మొహం మీదుగా దించుకుని ఇక దారి దీన్ని రక్తం అడగదు అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లూ మొహాలు తుడుచుకున్నారు, బండి కొంటే రక్తం చూపించాల్సిందే, లేకపోతే బండే ఎవరిదో ఒకరిది తీసుకుంటుంది, పెళ్లాన్ని తెచ్చుకున్నప్పుడు కూడా అంతే అనుకున్నాడేమో నాన్న, ఒకసారి చూపిస్తే చాలదనుకుని ఏటా చూపిస్తున్నాడేమో, ఆ కత్తి ఇంకా గడ్డి మీదే ఉంది, చిన్నది, చెక్కపిడిది, ఎవరూ దాని వైపు చూడటం లేదు, కోడి మెడ ఉన్న చోట నాన్న మెడ పెట్టి చూసింది జిపార్, సరిపోయింది, పద, నిలబడిపోకు అంది అమ్మ.

పదహారేళ్ల పిల్ల, ఎవరైనా పేరుపెట్టి పిలిస్తేనే చెవులు ఎర్రబడతాయి, ఊరి బడిలో జవాబు తెలిసినా చెయ్యెత్తదు, కానీ లోపల నాన్నని ఎన్ని రకాలుగా చంపిందో, ఈ కోచ్‌కోర్ పాత బండ్ల సంతకి రావాలని నిన్న అమ్మ చెప్పినప్పటి నుంచి ఇంకా ఎక్కువగా, ఇప్పుడు భుజం మీద గోనెసంచిలో అమ్మ కుట్టుమిషను ఉంది, చేత్తో తిప్పేది, ఇనుముది, భుజం ఎముక అరుగుతున్నంత బరువు, ఆ బరువంతా ఎత్తునుంచి ఒక మనిషి తల మీద పడితే ఎలాంటి చప్పుడొస్తుంది, పుచ్చకాయ చప్పుడా, పొయ్యిలో పచ్చికట్టె పగిలిన చప్పుడా, నాన్న ఎర్మెక్ ఈ రోజు పక్క లోయలో ఉన్నాడు, గుర్రాల మీద మేక మొండెం లాక్కునే ఆటకి వెళ్లాడు, ఆ లోయలోకెల్లా గట్టి మణికట్టు ఆయనదేనని అందరూ అంటారు, ఆ మణికట్టు గట్టిదనం అమ్మ జుట్టుకి తెలుసు, పొద్దుగూకేలోగా ఇంటికొస్తాడు, గెలిస్తే తాగి వస్తాడు, ఓడితే తాగకుండా వస్తాడు, ఓడితేనే భయం, వచ్చేసరికి వీళ్లు కనుమ దాటేసి ఉండాలి, దాటాలంటే చక్రాలున్న ఇల్లొకటి దొరకాలి, పడుకోవడానికి, మిషను పెట్టుకోవడానికి, ఊరూరా తిరిగి కుట్టుపని చేసుకోవడానికి, దొరక్కపోతే సాయంత్రం ఈ మిషను మోసుకుని మళ్లీ ఆ ఇంటికే పోవాలి.

మామూలు ఇల్లయితే కుదరదు, మామూలు ఇళ్లన్నీ చూసేశారు, ముందు తాత ఇంటికి పారిపోయారు, తర్వాత పెద్దమ్మ ఇంటికి, ఆ తర్వాత బడి పంతులమ్మ ఇంటికి కూడా, ఎక్కడికెళ్లినా ఒక్కటే, నాన్న వచ్చి మర్యాదగా తలుపు తట్టేవాడు, తట్టినవాణ్ణి ఎవరని అడిగే అలవాటు వీళ్లకి లేదు, తలుపు తట్టినవాడు అతిథి, అతిథికి తలుపు తీస్తారు, పొయ్యికి ఎదురుగా పెద్దల చోట ఉన్ని తివాచీ మీద కూర్చోబెడతారు, రొట్టె విరుస్తారు, గిన్నెలో సగమే టీ పోస్తారు, సగం పోస్తేనే గౌరవం, మళ్లీ మళ్లీ పోయొచ్చు కదా, నాన్న గిన్నె మీద గిన్నె నవ్వుతూ తాగేవాడు, పెద్దమ్మ వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, ఇంటికొచ్చినవాణ్ణి పొమ్మనడం మన ఇంటా వంటా లేదు చెల్లీ, బూట్లు వేసుకోండి అనేది, ఆ మాట అంటున్నప్పుడు పెద్దమ్మ చేతిలోని టీ కెటిల్ లాక్కుని ఆ మరిగే నీళ్లు, కాదు, పెద్దమ్మ మీద కాదు, పెద్దమ్మ మంచిదే, అదే కదా బాధ, అందరూ మంచివాళ్లే, అందరి తలుపులూ తీసే ఉంటాయి.

మొదటి బండి పాత ప్రయాణికుల వ్యాను, సీట్లు పీకేశారు, లోపల గొర్రెల వాసన, పెట్రోలు వాసన, అమ్మ మెడలోని కుట్టుటేపు తీసి నేల కొలిచింది, గోడ కొలిచింది, అమ్మేవాడు బోనెట్ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, గౌను కుడతావా అక్కా దానికి, నడుం దగ్గర కొంచెం లూజు పెట్టు, తిండిపోతు బండి అది అన్నాడు, ముందు నీ నోటికి రెండు కుట్లు వేస్తాలే, దారం మిగిలితే దాని సంగతి చూద్దాం అంది అమ్మ, పక్కనున్నవాళ్లు నవ్వారు, వాడూ నవ్వాడు, అమ్మ పైపెదవి మీద కుట్ల మచ్చ నవ్వినప్పుడు ఒక పక్కకి లాగుతుంది, పంచదార పలుకు అంటుకున్నట్టు తెల్లగా ఉంటుంది, అమ్మ లోపలికెళ్లి తలుపు వేసుకుంది, బయటినుంచి లాగమని జిపార్‌కి చెప్పింది, ఒక్క చేత్తో లాగితేనే ఊడొచ్చింది, అమ్మ దిగిపోయింది, ఇంజను సంగతి ఒక్క మాట అడగలేదు, పెళ్లికి ముందు తాతవాళ్ల గడ్డి లారీ నడిపిన మనిషి అమ్మ, ఇంజను చప్పుడు వినకుండా బండి కొనేవాళ్లుంటారా, రెండోది ఎవరో విదేశీయులు తిరిగి తిరిగి అమ్మేసి పోయినది, పొడవుగా, తెల్లగా, లోపల మంచం, కుళాయి, నీలం పూల కర్టెన్లు, జిపార్ ఆ కర్టెన్ పట్టుకుని వదల్లేకపోయింది, ఇక్కడ మిషను, ఇక్కడ తను, ఇక్కడ దీపం, అమ్మ మాత్రం గడియ చూసింది, ప్లాస్టిక్, వేలితో నొక్కితే వంగింది, కాదు అంది, ఎందుకు కాదో చెప్పలేదు, పొద్దు కొండ మీదకి వాలుతోంది, ఇప్పటికి ఆట అయిపోయి ఉంటుంది, ఎవరు గెలిచారో, ఎవరో ఒకరు మేక మొండేన్ని గెలుపు గుండంలో పడేసి ఉంటారు, నాన్న గుర్రం దిగి కొరడా పిడితో బూటు కొట్టుకుంటూ ఉంటాడు, అమ్మా, ఏదో ఒకటి కొనెయ్, లేకపోతే నిన్ను నేనే, ఆ మాట లోపల సగం దాకా వచ్చి ఆగిపోయింది, నాన్న మాట అది, నాన్న గొంతుతోనే వచ్చింది, జిపార్ గోనెసంచి రెండో భుజానికి మార్చుకుంది.

వరస చివర రొట్టె బండి, ఇటుక రొట్టెకి చక్రాలు పెట్టినట్టుంటుంది కాబట్టి ఇక్కడ అందరూ దాన్ని రొట్టె అనే అంటారు, ఆకుపచ్చ రంగు బ్రష్‌తో పూశారు, మామూలు రొట్టె బండే, అనుకుంది, అప్పుడు ఎండ పక్కనుంచి పడింది, ఆకుపచ్చ కింద ఇంకో రంగు తేలింది, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, శిలువ, జిల్లా మొత్తానికి ఉన్న అంబులెన్సులు ఎన్ని గనక, అదే బండి, రెండేళ్ల కిందటి చలికాలం, ఆ రోజు నాన్న ఆటలో ఓడి వచ్చాడు, పొయ్యి కదిపే ఊచ తీశాడు, ముందు పెదవి, తర్వాత పక్కటెముకలు, అమ్మ వాకిట్లోకి పరిగెత్తి పడ్డాక కూడా ఆపలేదు, మంచు మీద ఎరుపు ఎంత ఎర్రగా ఉంటుందో, పొరుగావిడ ఫోన్ చేస్తే ఈ బండి వచ్చింది, వెనేరా అనే నర్సు అమ్మని చంకల కింద పట్టుకుని లోపలికి లాగింది, జిపార్‌ని లాగింది, గడియ వేసింది, చలికి ఇంజను దగ్గుతోంది గానీ అందుకోవడం లేదు, బయట నాన్న ముందు మెత్తగా, వేళ్ల కణుపులతో, అతిథి తట్టినట్టు తట్టాడు, జిపార్, నాన్నని, తలుపు తీయమ్మా అన్నాడు, జిపార్ చెయ్యి లేచింది, తను లేపలేదు, తలుపు తడితే లేచే చెయ్యి అది, పుట్టినప్పటినుంచీ అలా పెరిగిన చెయ్యి, గడియ మీదకి వెళ్లింది, వెనేరా ఆ చేతిని ఫట్‌మని కొట్టింది, తలుపుకి వీపు ఆనించి నిలబడి, ఇది ఇల్లు కాదు ఎర్మెక్, నువ్వు అతిథివి కావు, తీయను అంది, అప్పుడు మొదలైంది, పిడికిలి, బూటు, కొరడా పిడి, రేకు లోపలికి ఉబ్బింది, మళ్లీ ఉబ్బింది, జిపార్ మొహానికి బెత్తెడు దూరంలో, బండి లోపల గంట కొట్టినట్టు, అమ్మ కళ్లు మూసుకుని ఉంది, నేల గాడుల్లో రక్తం పారి గడ్డకడుతోంది, గడియ మాత్రం ఊడలేదు, ఇంజను అందుకుంది, నాన్న వెనకాల చిన్నవాడై చిన్నవాడై పోయాడు.

ఇది వద్దు, ఇది తప్ప ఏదైనా, గొర్రెల వాసన బండైనా సరే, అని చెప్పాలి, చెప్పకపోతే అమ్మకి ఎలా తెలుస్తుంది, అమ్మకి ఆ రోజు స్పృహ లేదు, ఆ బండి అమ్మేది కాలిక్ అనే తాత, తెల్ల ఉన్ని టోపీ, పళ్లు తక్కువ మాటలు ఎక్కువ, పాత సామాను వేలంలో కొన్నానమ్మా, పొయ్యి పెట్టించాను, పైకప్పుకి గొట్టం కూడా ఉంది, నా ముసల్దాన్నే ఇందులో తిప్పుదామనుకున్నా, అది నాకంటే గుర్రమే నయమంది అన్నాడు, పక్క తలుపు మీద సొట్టలు చూపించి, దాచడమెందుకు, ఏదో పొగరుబోతు గుర్రం తన్నింది, దానికి కొంత తగ్గిస్తాలే అన్నాడు, గుర్రమట, అమ్మ ఆ సొట్టల దగ్గర ఆగింది, ఒక్కోదాంట్లో పిడికిలి పెట్టి చూసింది, అమ్మ పిడికిలి చిన్నది, చుట్టూ ఖాళీ మిగిలింది, వాటికి తగ్గించక్కర్లేదు తాతా అంది, కాలిక్ తాత బేరాల్లో ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదనుకుంటా, టోపీ వెనక్కి తోసి తల గోక్కున్నాడు, డబ్బు చేతులు మారింది, తాళం వచ్చింది, ఆయన అటూ ఇటూ చూసి, మగవాళ్లెవరూ రాలేదా అమ్మాయ్, పర్వాలేదు, ఒక కోడిని పట్టుకొస్తా, నేనే కోస్తా, చక్రానికి రక్తం చూపించకుండా కనుమ ఎక్కకూడదు అన్నాడు.

ఇచ్చేశాం తాతా అంది అమ్మ.

ఎప్పుడిచ్చారు అన్నాడాయన, వంగి చక్రాలు చూస్తూ, పొడిగా ఉన్నాయే అన్నాడు, రెండు చలికాలాల కిందట, మిట్టమధ్యాహ్నం అంది అమ్మ, ఎండుగడ్డి ధర చెప్పినంత మామూలుగా అంది, జిపార్ భుజం మీది సంచి తనంతట తనే జారి నేలకి దిగింది, స్పృహ ఉంది, అమ్మకి ఆ రోజు స్పృహ ఉంది, కళ్లు మూసుకుని ప్రతి దెబ్బా వింది, తలుపుకవతల పడిన ఒక్కో దెబ్బా, తన ఒంటి మీద పడని దెబ్బలు జీవితంలో మొదటిసారి వింది, గొర్రెల బండి దగ్గర ఇంజను అడగనిది అందుకే, నీలం పూల కర్టెన్లు చూడనిది అందుకే, అమ్మ పొద్దున్నుంచీ బండి వెతకడం లేదు, నాన్న పగలగొట్టలేకపోయిన తలుపు ఒకటి ఈ భూమ్మీద ఉందని తెలిసి దాన్ని వెతుకుతోంది, నేను ఆ చెయ్యెత్తడం, గడియ మీదకి పోవడం, అది కూడా తెలుసా, ఆ చేతి మీద వెనేరా కొట్టిన చప్పుడు వినే ఉంటుంది, రెండేళ్లు ఒక్క మాట అనలేదు.

లోపల నేలకి కొత్త చెక్క కొట్టారు, దాని కింద గాడులుంటాయి, అమ్మ మిషనుని కిటికీ దగ్గర పెట్టింది, సరిగ్గా పట్టింది, ముందు సీటులోకి వెళ్లి తాళం తిప్పింది, ఇంజను దగ్గింది, అందుకోలేదు, మళ్లీ దగ్గింది, జిపార్ పక్క తలుపు మూసి గడియ వేసింది, ఇనుము ఇనుములోకి దిగిన చప్పుడు, లోపలినుంచి ఆ సొట్టలు కొండల్లా లేచి ఉన్నాయి, అరచెయ్యి ఒకదాని మీద పెట్టింది, చల్లగా ఉంది, అప్పుడే బయటినుంచి ఎవరో తట్టారు.

మెత్తగా, వేళ్ల కణుపులతో, ఆట అయిపోయి ఉంటుంది, ఎవరో సంతలో చూసి నాన్నకి చెప్పి ఉంటారు, చెయ్యి లేచింది, అదే చెయ్యి, గడియ మీదకి వెళ్లింది, ముందు సీటులోంచి అమ్మ వెనక్కి తిరిగి ఆ చెయ్యినే చూస్తోంది, వద్దనలేదు, తీయమనలేదు, తాళం మీద చెయ్యి అలాగే ఉంచి చూస్తోంది, మళ్లీ తట్టారు, జిపార్ వేళ్లు ఇనుము మీద బిగుసుకున్నాయి, చెవులు ఎర్రబడ్డాయి, ఎవరు అంది, చిన్నగా వచ్చింది, మళ్లీ గట్టిగా, ఎవరది అంది, బయట, అలాంటి ప్రశ్న ఏ తలుపు వెనకనుంచీ ఎప్పుడూ వినని మనిషి తడబడినట్టు, నేనేనమ్మా, కాలిక్ తాతని, దారిలోకి రొట్టె తెచ్చా అన్న గొంతు, అమ్మ ముందుకి తిరిగింది, ఇంజను అందుకుంది, జిపార్ వెంటనే తీయలేదు, ఇంకొక్క ఊపిరి సేపు గడియని అలాగే పట్టుకుని నిలబడింది, తలుపు తట్టేది ఎవరైనా, తీయాలో వద్దో అడిగి తేల్చుకునేది ఇటువైపు ఉన్నవాళ్లేనని ఆమెకి అప్పుడు తెలిసింది.