ఇరవై రెండు అడుగుల సముద్రం

నేను ఒక చుట్టను. చుట్ట అనగానే మా గోదావరి జిల్లాల వాళ్ళకు పొగాకు వాసన తగులుతుంది గానీ, నేను కాల్చే చుట్టను కాను, చూసే చుట్టను. నలభై ఒక్క ఫోటోలను పక్కపక్కనే అతికించి చేసిన ఇరవై రెండు అడుగుల కాగితాన్ని. నా నిండా సముద్రమే.

నన్ను చేసినాయన పేరు ముక్తేశ్వరరావు. పిఠాపురంలో ఫోటో స్టూడియో ఉండేది. వయసులో ఉన్నప్పుడు కలకత్తాలో పటాలు కట్టే దుకాణంలో రెండేళ్ళు పనిచేశాడు. అక్కడో చైనా ముసలాయన తమ దేశపు చిత్రాలు చూపించాడట. కొండల్నీ నదుల్నీ పొడుగాటి కాగితం మీద గీసి చుట్టి దాచుకుంటారు. చూడాలనిపించినప్పుడు ఎడమచేత్తో విప్పుతూ, కుడిచేత్తో చుట్టుకుంటూ, మూరెడు మూరెడు చొప్పున చూస్తారు. ఆ కొండల కింద మనిషి ఉంటే బియ్యపుగింజంత ఉంటాడు.

తర్వాత ముప్పై ఏళ్ళు ఆయన పెళ్ళిళ్ళలో తలంబ్రాలూ, బడిపిల్లల గుర్తింపు కార్డుల ఫోటోలూ తీశాడు. మనుషుల ముఖాలతో విసిగిపోయాడు. “కాస్త గడ్డం పైకెత్తండి” అని ఇక ఈ జన్మలో ఎవరికీ చెప్పనని భార్య సుభద్రమ్మతో అనేవాడు. సూరమ్మపాలెం దగ్గర సముద్రం ఏటా ఊరిని కోసుకుపోతోందని తెలిసి, మిగిలిన తీరాన్నయినా చైనావాళ్ళ పద్ధతిలో దాచాలనుకున్నాడు. ఒక మాఘమాసంలో పదకొండు రోజులు ఒడ్డు వెంట నడుస్తూ ఫోటోలు తీశాడు. ఇది చేతుల్లో ఫోన్లు లేని రోజుల మాట.

నాలోని ఇరవై ఏడో ఫోటో తీసిన పొద్దున, పడవ దగ్గర వల సర్దుకుంటున్న ఒకతను చేతులు లుంగీకి తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. అతని పేరు పోలయ్య.

“బాబూ, నాదొక ఫోటో తియ్యరా? మా ఇంట్లో నా ఫోటో ఒక్కటీ లేదండి.”

“నేను తీసేది సముద్రాన్నయ్యా, మనుషుల్ని కాదు” అన్నాడు ముక్తేశ్వరరావు. అంతలో ఆయనకు ఆ బియ్యపుగింజంత మనిషి గుర్తొచ్చాడు. “ఒక పని చెయ్యి. ఆ పడవ అవతలికెళ్ళి అటు తిరిగి నిలబడు. ఇటు చూడకు.”

“మొకం పడదేమో బాబూ?”

“నీ ముఖం తర్వాత తీస్తాలే.”

పోలయ్య వెళ్ళి, నీళ్ళవైపు తిరిగి, కదలకుండా నిలబడ్డాడు. మీట నొక్కగానే ముక్తేశ్వరరావు స్టాండు భుజాన వేసుకుని ముందుకు నడిచాడు. అయిపోయిందని అతనికి చెప్పడం మరిచిపోయాడు. అతను అలా ఎంతసేపు నిలబడ్డాడో మాకెవరికీ తెలియదు.

నన్ను తయారు చెయ్యడానికి ఏడాది పట్టింది. సుభద్రమ్మ గోధుమపిండి జిగురు కాచి, వడగట్టి ఇచ్చేది. ఆయన పల్చటి కాగితాలను వెనక అంటించి, కుంచెతో గాలిబుడగలు తీసి, గోడకు అతికించి ఆరబెట్టేవాడు. చివరకు టేకు కర్ర, పైన ఉప్పాడ పట్టు ముక్క. పూర్తయ్యాక ఊరివాళ్ళకే ముందు చూపించాలని సూరమ్మపాలెం తీసుకెళ్ళి, చేపలు వేలం వేసే షెడ్డులో బల్ల మీద విప్పాడు.

అప్పటికి ఆ ఊరు ఒక తుఫాను చూసింది. నాలో ఉన్న రెండు వీధులు బయట లేవు. జనం “ఇది మా ఇల్లు, ఇది మా కొబ్బరిచెట్టు” అంటూ నా మీదికి వంగారు. ఎప్పుడూ చూసిన ఇంటినే కాగితం మీద చూసి మనుషులు ఎందుకంత ఆశ్చర్యపోతారో నాకు ఆరోజు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

ఇరవై ఏడో ఫోటో దగ్గర ఒకావిడ నా అంచు పట్టుకుని ఆపేసింది. పేరు కాసులమ్మ.

“మా మావండీ! మా మావే! ఎడం బుజం కిందికుంటాది, సూడండి.”

తుఫానులో వెళ్ళిన పోలయ్య పడవ తిరిగి రాలేదు. మనిషి దొరకలేదు. అగరొత్తి వెలిగించి పెట్టుకుందామంటే ఆమెకు భర్త పటం లేదు. చాలాసేపు చూసి, ఆమె మెల్లగా అడిగింది.

“బాబూ, మొకం ఇటేపు తిప్పలేరా?”

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. ముక్తేశ్వరరావు నన్ను చుట్టేశాడు.

ఆ వారమంతా ఆయన డార్క్‌రూంలోంచి బయటికి రాలేదు. ఆ గింజను పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. చివరికి నల్లచుక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. ఎంత పెద్దది చేసినా వీపు వీపే. మళ్ళీ ఊరెళ్ళి, కాసులమ్మ గుడిసె ముందు నిలబడి నిజం చెప్పేశాడు. నేను ఆయన చంకలోనే ఉన్నాను.

“మీ ఆయన ఫోటో తియ్యమని అడిగాడమ్మా. నేనే తియ్యలేదు. అటు తిరగమన్నది కూడా నేనే.”

తిట్టించుకోవడానికి సిద్ధపడి వెళ్ళినట్టున్నాడు. ఆమె తిట్టలేదు.

“మీతో మాటాడేడా? ఏమన్నాడండి?”

“మా ఇంట్లో నా ఫోటో ఒక్కటీ లేదన్నాడు.”

“మా ఇంట్లో అన్నాడా?”

“అన్నాడమ్మా.”

ఆమె ఆ మాటను నోట్లోనే ఒకసారి అనుకుంది. “ఇంకోపాలి సెప్పండి.”

మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారి అయ్యాక, “అప్పుడు మావ మొకం ఎలాగుందండి? నవ్వేడా?” అంది.

“చూడలేదమ్మా. నేను వెలుతురు చూస్తున్నాను.”

ఆ గుమ్మంలోనే ఆయన నన్ను విప్పి, జేబులోని బ్లేడుతో ఇరవై ఏడో ఫోటోను కోసి ఆమె చేతిలో పెట్టాడు. ఏడాదిపాటు ఒక్క ముడత పడకుండా చూసుకున్న చేతులవి. బ్లేడు వంకరగా పోయింది.

ఇంటికొచ్చాక కోసినంత మేర తెల్లకాగితం అతికించాడు. అక్కడ మరో అల అంటించడానికి ఆయనకు మనసు రాలేదు. ఒడ్డు వచ్చి వచ్చి ఆగిపోతుంది, జానెడు తెలుపు, మళ్ళీ ఒడ్డు మొదలవుతుంది.

హైదరాబాదులో నన్ను ప్రదర్శించినప్పుడు ఒక పెద్దమనిషి ఆ తెలుపు దగ్గర చేతులు జోడించాడు. “ఖాళీ వదలడం తెలిసినవాడే కళాకారుడు. మీ ప్రతిభంతా ఇక్కడే ఉందండీ” అన్నాడు. చప్పట్లు కొట్టారు. ముక్తేశ్వరరావు తనకు కప్పిన శాలువా కుర్చీ మీదే వదిలేసి వచ్చేశాడు.

ఆ తర్వాత ఆయన సముద్రాన్ని తియ్యలేదు. నెలకోసారి సూరమ్మపాలెం వెళ్ళి, షెడ్డు గోడకు తెల్లదుప్పటి కట్టి, వచ్చినవాళ్ళందరినీ కుర్చీలో కూర్చోబెట్టి ముఖాలు తీసేవాడు. “కాస్త గడ్డం పైకెత్తమ్మా” అని ఒక్కొక్కరికీ చెప్పేవాడు. ఊరు ఊరంతా తీయించుకుంది. కాసులమ్మ మాత్రం వచ్చి, దూరంగా నిలబడి చూసి వెళ్ళిపోయేది.

ఒక మ్యూజియంవాళ్ళు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చే ముందురోజు, ఆయన నాకు తాడు కడుతూ సుభద్రమ్మతో అన్నాడు.

“ఇవాళ కాసులమ్మను అడిగాను. రామ్మా, నీదీ తీస్తానన్నాను.”

“ఏమంది?”

“నేనొక్కదాన్నే ఎలా కూకుంటాను బాబూ, అంది.”

ఆయన తాడు ముడి వెయ్యలేక వదిలేస్తే, సుభద్రమ్మే వచ్చి వేసింది.

ఇప్పుడు నేను గాజుపెట్టెలో ఉన్నాను. మొదటి రెండు మూరలే విప్పి పెట్టారు. మిగతాదంతా, ఆ తెలుపుతో సహా, చుట్టి ఉంది. చూడవచ్చినవాళ్ళు అద్దానికి ముక్కు ఆనించి, సముద్రం ఎంత అందంగా ఉందో అనుకుంటూ వెళ్ళిపోతారు.

అందంగానే ఉంటుంది.