కానుగ మలుపు ముక్క

పొద్దున షెడ్డు షట్టరు ఎత్తగానే నారాయణప్ప ముక్కుకు మొదట తగిలేది గుట్కా ఉమ్ము కంపు. ఆ వెనకాలే కాలిన టైరు, బస్సు కిటికీలోంచి ఎవరో కక్కిన వాంతి, నలిగి ఎండిన కుక్కలు. కంబదూరు రోడ్డు మీద ఇరవై ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్నా ఆ కంపు అతనికి అలవాటు కాలేదు. మూతికి తువ్వాలు కట్టుకుని బ్రేకులు, క్లచ్చులు, కారే రేడియేటర్లు చూసేవాడు. మీటర్ల పని మాత్రం మధ్యాహ్నం సంగటి తినకముందే ముగించేవాడు. తిన్నాక పెట్టుకుంటే కడుపులో నిలిచేది కాదు.

మీటర్ల పనంటే తెలిసిందే. పాత కారు అమ్మేవాడికి బండి తక్కువ తిరిగినట్టు కనబడాలి. మీటరు కేబుల్ ఊడదీసి, డ్రిల్లుకు తగిలించి వెనక్కి తిప్పితే అంకెలు తగ్గుతాయి. తగ్గిన ప్రతి కిలోమీటరూ మీటరు వెనకనుంచి దారిగా బయటికొస్తుంది, నవారంత వెడల్పున, నల్లగా, జిగటగా. బండి తిరిగిన చోట్లన్నీ దాని మీద ఉంటాయి. గుంతలు, స్పీడు బ్రేకర్లు, ఉమ్ములు, చిరిగిన కవర్లు, చీమలంతేసి గొర్రెలు. నారాయణప్ప దాన్ని చుట్టలు చుట్టి షెడ్డు వెనకున్న ఎండిన వంకలో పారేసేవాడు. కొట్టంలో పరుచుకుందామని కొందరు పట్టుకుపోయేవాళ్లు, కంపు ఓర్వలేక రెండోనాడే తెచ్చి పడేసేవాళ్లు. ఒకసారి డ్రిల్లు పొరపాటున ముందుకు తిరిగి ఓ ముక్క లోపలికి పోయింది. ఆ కారాయన పెళ్లికని బయల్దేరితే బండి తిన్నగా రాయదుర్గం బస్టాండుకు పోయి నిలబడింది. లోపలికి పోయిన దారిని బండి నడవకుండా ఉండదు. జనం నాలుగు రోజులు నవ్వుకుని మరిచిపోయారు.

ఆ వంకలో రోజూ కూర్చునే మనిషి తిమ్మన్న ఒక్కడే. గొర్రెలు కాసుకుంటాడు. మూడేళ్ల కింద అతని భార్య నాగలక్ష్మమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే కానుగచెట్టు మలుపులో ఏదో కారు గుద్దేసి పోయింది. ఏ కారో తేలలేదు. అప్పట్నుంచి తిమ్మన్న మధ్యాహ్నం గొర్రెల్ని నీడకు తోలి వంకలోకి దిగుతాడు. చుట్టలు ఒక్కొక్కటే విప్పి, వేలితో తడుముతూ ఆ మలుపు కోసం వెతుకుతాడు. అతన్ని చూసినప్పుడల్లా నారాయణప్పకు జాలికంటే ముందు రోత పుట్టేది. తిమ్మన్న మీద కాదు, ఇన్ని వేల కిలోమీటర్లు ఊడపీకి పారేసిన తన చేతుల మీదే.

ఆ చేతులకు పని ఇచ్చేది కార్ల బ్రోకరు సురేంద్ర. అతను తెచ్చే బండ్లతోనే నారాయణప్ప ఇల్లు గడిచేది. ఈసారి తన సొంత తెల్లకారే తెచ్చాడు. దిగీ దిగగానే షెడ్డు గుమ్మంలో ఎర్రగా ఉమ్మి, రేపు మధ్యాహ్నానికి లక్ష కిలోమీటర్లు తగ్గించమన్నాడు.

"వచ్చిందాన్ని వంకలో ఎయ్యొద్దప్పా. కాల్చెయ్," అన్నాడు.

ఎప్పుడూ లేనిది ఇదేమిటని అడిగితే, చెప్పింది చేస్తే చాలన్నాడు. మళ్లీ ఉమ్మి, దారిన పోయే బైకు ఆపి ఎక్కి పోయాడు.

నారాయణప్ప తిప్పాడు. చుట్టలన్నీ వంకలోకి మోసుకుపోయి అగ్గిపుల్ల గీశాడు. మొదటి చుట్ట అంటుకోగానే లేచిన కంపు ఓర్వలేక కాలితో మంట ఆర్పేసి, పక్కకు పోయి కక్కుకున్నాడు. మూతి తుడుచుకుని వచ్చేసరికి తిమ్మన్న ఆ కుప్పలోంచే ఒక చుట్ట ఒళ్లో పెట్టుకుని విప్పుతున్నాడు. వద్దని చెప్పాల్సింది. నారాయణప్ప అగ్గిపెట్టె జేబులో పెట్టేసుకున్నాడు.

నాలుగో చుట్టలో తిమ్మన్న వేలు ఆగింది. కానుగచెట్టు నీడ. చెదిరిన గడ్డిమోపు. నల్లగా ఎండిన మరక. మరక దాకా చెప్పుల అడుగులు నాలుగు, వెనక్కి నాలుగు. మరక పక్కన ఎర్రటి ఉమ్ము.

అంటే దిగాడు. దిగి, దగ్గరికి పోయి చూశాడు. చూసి, ఉమ్మేసి, పోయాడు.

తిమ్మన్న ఆ ఉమ్ము పక్కన వేలు పెట్టాడు. తర్వాత, "ఇది యా కారుదప్పా?" అన్నాడు.

చెబితే రేపటినుంచి షెడ్డుకు బండి రాదు. నారాయణప్ప తల తిప్పితే గుమ్మంలో సురేంద్ర ఉమ్మింది ఇంకా తడిగానే కనబడింది. పదేళ్లుగా ఆ గుమ్మాన్ని తనే కడుగుతున్నాడు. ఈ మనిషి అన్నం తింటున్నానా ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"రేపు మద్దేనం కానుగ మలుపు కాడ కూచో మామా. బండే వస్తాది," అన్నాడు.

షెడ్డు దగ్గరనుంచి మలుపు దాకా ఉన్న ముక్క కత్తిరించుకున్నాడు. మలుపు తర్వాత ఆ దారి తిన్నగా ఒక వాటర్ వాష్ షాపుకు పోయింది, దాని మీద సబ్బు నురగ ఇంకా ఆరలేదు. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి విసిరికొట్టాడు. పాత చుట్టలన్నీ గాలించి, అదే మలుపునుంచి పోలీస్ స్టేషన్ దాకా పోయిన ఏదో బండి ముక్క తీసుకున్నాడు. పంక్చర్ సొల్యూషన్ పూసి రెండిటినీ అతికించి, ఆరేదాకా గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఆ తర్వాత డ్రిల్లును ముందుకు తిప్పాడు. ఇరవై ఏళ్లలో కావాలని ముందుకు తిప్పడం అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం సురేంద్ర వచ్చి మీటరు చూసి సంతోషపడ్డాడు. కొనే పార్టీ సాయంత్రం వస్తుందట. గుట్కా నోట్లో వేసుకుని, ఒక రౌండు పోయొద్దాం ఎక్కమన్నాడు. నారాయణప్ప ఎక్కాడు. సురేంద్ర స్టీరింగు ఎడమకు తిప్పితే బండి కుడికి మళ్లింది. బ్రేకు తొక్కినా ఆగలేదు.

"ఏం చేసినావ్‌రా?"

"నువ్వు పోయిన దారేలే అన్నా."

కానుగచెట్టు కింద బండి దానంతటదే ఆగింది. తిమ్మన్న లేచి నిలబడ్డాడు. సురేంద్ర దిగాడు. ఆ దారి మీద అతని అడుగులు కూడా ఉన్నాయి, దిగకుండా ఉండటం అతని చేతుల్లో లేదు. నాలుగు అడుగులు వేసి తిమ్మన్న ముందు ఆగాడు. దవడ నిండా గుట్కా ఊరి ఉంది.

"ఆ పొద్దు ఆమెకు పానముండెనా?" అన్నాడు తిమ్మన్న.

సురేంద్ర ఉమ్మబోయాడు. మూడేళ్ల కింద తను ఉమ్మిన చోటే సరిగ్గా తిమ్మన్న నిలబడి ఉన్నాడు. నోట్లోది అలాగే మింగాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఉండె," అన్నాడు. "నీళ్లడిగె."

తిమ్మన్న కారు దగ్గరికి నడిచాడు. వెనక డోరు తీసుకుని కారులో కూర్చున్నాడు. సురేంద్ర కాళ్లు నాలుగు అడుగులు వెనక్కి వేసి అతన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టాయి. సాక్ష్యం చెప్పాలంటే మీటర్ల సంగతీ చెప్పుకోవాల్సి వస్తుందని నారాయణప్పకు తెలుసు. అయినా దిగలేదు.

బండి కదిలింది. అతుకు మీద ఒకసారి కుదుపు వచ్చింది. ఆ తర్వాత సురేంద్ర స్టీరింగు ఎటు తిప్పినా అది స్టేషను వైపే పోయింది.