తాళం వేసిన సొరుగు

"మూడోది కూడా పోయింది."

వదిన కత్తి మడత విప్పి కిటికీ వెలుగులో పట్టుకుంది. నిన్న అద్దంలా మెరిసిన అలుగు మీద ఇవాళ ఎర్రటి తుప్పు మచ్చలు. తాతల నాటి క్షవరపు కత్తి అది. సాన పట్టి, విరిగిన పిడి తీసేసి, గేదె కొమ్ము కోసి కొత్త పిడి వేయడానికి వదినకూ మరిదికీ తొమ్మిది రోజులు పట్టింది. పదకొండింటికి దాని సొంతదారు వస్తాడు.

"కత్తుల సొరుగు తాళంచెవి నా మెడలోనే ఉంది. నువ్వు ఇంకోటి చేయించుకున్నావా?"

మరిది ఆకురాయి కింద పెట్టాడు. "చేయించుకుని? వచ్చి కత్తుల మీద ఉమ్మేసి పోయానా?"

"వీధి చివరి సాన కొట్టువాడు నిన్ను తన దగ్గర పనికి రమ్మన్నాట్ట. నా పేరు చెడితే ఎవరికి లాభం?"

"రమ్మన్నాడు, రానన్నాను. నీకు చెబితే ఇదిగో, ఇలా మొహం పెడతావని చెప్పలేదు."

"అది దాచినవాడివి ఇంకేం దాచావో! నీ పనేనని తేలితే పనిముట్లు సర్దుకో."

అతను సంచీ తీసి ఒక్కో ఆకురాయీ అందులో వేయసాగాడు. ఏడేళ్ల సావాసం ఒక సంచీలో పట్టేస్తోంది.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. నిన్న సొరుగుకు తాళం వేశాక ఆమె అంచుకు అడ్డంగా దారం పెట్టి మైనంతో అంటించింది. పొద్దున చూస్తే దారం తెగలేదు. మళ్లీ అంటించాడేమో, గడుసువాడు! ఆమె మైనం ముక్కను మళ్లీ పట్టి చూసింది. నిన్న నొక్కిన తన బొటనవేలి ముద్ర, చిన్నప్పటి గాటుతో సహా, అలాగే ఉంది.

అంటే సొరుగు ఎవరూ తెరవలేదు.

ఆమె సొరుగు మొత్తం ఊడలాగి బల్ల మీద పెట్టింది. కుడి చివరి కత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఎడమకు వచ్చేకొద్దీ తుప్పు. ఎడమ చివర గుడ్డలో చుట్టి ఉన్నది ఆమె తండ్రి కత్తి. షోకేసు అద్దం పగిలినప్పుడు, రెండు వారాల కిందట, ఆమే అక్కడ పెట్టింది.

గుడ్డ విప్పింది. ఘాటైన వాసన ముక్కు మండించింది. పాతకాలపు ప్లాస్టిక్, సెల్యులాయిడ్‌తో చేసిన పిడి నిండా పగుళ్లు. ఇత్తడి మేకులు పచ్చటి చిలుం పట్టాయి.

"ఆ పిడి కుళ్లుతోంది వదినా, దాని ఆవిరి పక్క కత్తుల్నీ తినేస్తుంది, మార్చేద్దాం" అని మరిది ఆనాడే మొత్తుకున్నాడు. "మా నాన్న చెయ్యి తగిలిన పిడి, జోలికొస్తే వేళ్లు నరుకుతా" అంది తను.

తలుపు చప్పుడైంది. సొంతదారు వచ్చి కత్తి చూసి, సంచీతో నిలబడ్డ మరిదిని చూశాడు.

"ఎవరమ్మా, నా కత్తి ఇలా చేసింది? ఇతనేనా?"

తలూపితే చాలు. ఆమె తండ్రి కత్తిని మరిది చేతిలో పెట్టింది.

"మేకులు ఊడదియ్యి. కొమ్ము ఇంకా మిగిలే ఉంది, కొత్త పిడి చెయ్యి."

"మరి నా వేళ్లో?"

"ఉంచుకో, పనికొస్తాయి." ఆమె సొంతదారు వైపు తిరిగింది. "ఇతను కాదండీ. మీ కత్తిని తిన్నది మా నాన్న కత్తి పిడి. వద్దంటున్నా వినకుండా దాన్ని మీ కత్తి పక్కన పెట్టింది నేను."