ఎల్లక్క తేలు

కరీంనగర్‌లోని ఆ కేన్సర్ ఆస్పత్రిలో రేడియేషన్ గది నేల కింద ఉంటుంది. ట్రైనింగుకు వచ్చిన దెబోరా రోజూ ఎనిమిదింటికి లిఫ్టు దిగేది. చెప్పులు విడిచి, బ్యాడ్జీ తగిలించుకుని, గోడలకున్న లేజర్లు వెలిగించి, ఎర్రటి గీతలు మూడూ ఒకేచోట కలుస్తున్నాయో లేదో చూసేది. తొమ్మిదింటికి మొదటి పేషెంటు ఎల్లక్క వచ్చేది.

"ఎల్లక్కా, తేలు ఏడుంది?" అని అడిగేవాడు సంపత్ సార్. అక్కడ పెద్ద టెక్నాలజిస్టు ఆయనే.

ఎల్లక్క రవిక చేయి జరిపి చూసుకునేది. "మోచేతికాడ ఉన్నది సారూ."

"అయితే మంచిగనే ఉన్నవ్. నడువ్."

ఎల్లక్కది కాగజ్‌నగర్ దగ్గర పల్లె. పదేళ్ళప్పుడు వాళ్ళవ్వ ఆమెకు మణికట్టు మీద తేలు పచ్చబొట్టు పొడిపించింది, మెడ నుంచి గుండెల మీదికి దండలాగా చుక్కలు పొడిపించింది. చుక్కలు ఉన్నచోటే ఉన్నాయి. తేలు మాత్రం భయం ఎటుంటే అటు పాకేది. పెళ్ళినాడు భుజం దాకా ఎక్కిందట, రొమ్ములో గడ్డ అని చెప్పిన రోజు మెడ దాకా వచ్చిందట. డాక్టరు ఫైలులో బరువు, బీపీ రాసి, వాటి కింద 'తేలు: మోచేయి' అని రాసేవాడు. అది భుజం దాటితే ఆరోజు ఆగి, ఛాయ్ తాగించి, దిగాక మొదలుపెట్టాలి. భయంలో మనిషి బుసబుసా ఊపిరి తీస్తే ఛాతీ కదులుతుంది, ఛాతీ కదిలితే లెక్క తప్పుతుంది.

దెబోరాకు తేలు లేదు గానీ భయం ఒళ్ళంతా ఉంది. మంచిర్యాల దగ్గర బొగ్గుబాయి క్వార్టర్లలో పెరిగిన పిల్ల. బీఎస్సీ రేడియోథెరపీ టెక్నాలజీ అంటే ఆ క్వార్టర్లలో ఎవరికీ అంతుపట్టలేదు. "ఎక్స్‌రే తీసుడా?" అని అడిగేవాళ్ళు. బాపు మొగిలి మాత్రం కూతురి చదువు గురించి ఒకే ప్రశ్న అడిగాడు. "గా కిరణాలు కండ్లకు కనబడుతయా బిడ్డా?" కనబడవంది. "మా బాయిల గ్యాసు లెక్కనే అన్నట్టు," అన్నాడు.

మూడేళ్ళు పుస్తకాలతో గడిచిపోయాయి. నాలుగో ఏడు ఇంటర్న్‌షిప్పులో మనుషులు వచ్చారు, భయమూ వచ్చింది. తన గురించి కాదు. మీటరున్నర గోడల అవతల ఆమె క్షేమంగానే ఉంటుంది. మెషిన్ చెప్పినచోట కిరణం వేస్తుంది, ఇక్కడేనా అని మారు అడగదు. పోయిన నెల ఒకాయనకు తల కింద వేరే దిండు పెట్టింది. సంపత్ సార్ చివరి నిమిషంలో పట్టుకున్నాడు. కాలేజీ నుంచి హెచ్చరిక కాగితం వచ్చింది. రెండోది వస్తే మళ్ళీ ఆర్నెల్లు చేయాలి. దెబోరా చదువు మానేస్తానని ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాసి బ్యాగులో పెట్టుకుంది. సోమవారం ఇద్దామనుకుంది.

ఆ సోమవారం ఎల్లక్క ఊరి నుంచి నవ్వుతూ వచ్చింది. మనవరాలిని తొట్టెల్ల వేసిన పండుగట. ఆడవాళ్ళంతా కలిసి ఆమెకూ సున్నిపిండి రుద్ది నీళ్ళు పోశారట.

ఆస్పత్రివాళ్ళు కూడా మొదటిరోజే ఎల్లక్క ఛాతీ మీద మూడు చుక్కలు పచ్చబొట్టు పొడిచారు. మధ్యలో ఒకటి, పక్కలకు రెండు. లేజర్ గీతలు వాటి మీద పడాలి. మధ్య చుక్క పాత దండకు వేలెడు కింద ఉంటుంది, చూడ్డానికి అచ్చం దాని చుక్కలాగే ఉంటుంది. అందుకని సంపత్ సార్ పెన్నుతో దాని చుట్టూ గుండ్రం గీశాడు, కడగొద్దని పదిసార్లు చెప్పాడు. సున్నిపిండికి ఆ మాట తెలియదు కదా.

ఇద్దరు చూడందే ఎవరినీ మెషిన్ కింద పెట్టకూడదు. ఎల్లక్కను బల్ల మీద పడుకోబెట్టిన ఘడియలోనే బయట బెంచీ మీద ఒకామె కళ్ళు తిరిగి పడిపోయింది, సంపత్ సార్ పరుగెత్తాడు. దెబోరా ఒక్కతే గీతల్ని మధ్య చుక్క అనుకున్నదాని మీదికి తెచ్చింది. పక్క చుక్కలు వేలెడు తప్పాయి. ముసలి ఒళ్ళు జారిందేమో అనుకుని ఎల్లక్కను కాస్త లాగి సరిచేసింది. పెన్ను గుండ్రం లేదని చూసింది కూడా. సార్‌ను అడుగుదామనుకుంది. ఇది కూడా తెల్వదా అంటాడని భయపడి ఊరుకుంది.

"చూసినవా?" వచ్చీ రాగానే అడిగాడాయన.

"చూసిన సార్."

బరువైన తలుపు మూసుకుంది. సంపత్ సార్ మెషిన్ నడిపే తాళం చెవి మీద చేయి వేశాడు. కెమెరా తెర మీద ఎల్లక్క రెండు చేతులూ తలపైకి పెట్టుకుని పడుకుని ఉంది. మోచేతి దగ్గరి తేలు కదిలింది. చంకలోకి దిగింది, పక్కటెముకలు దాటింది, ఛాతీ మధ్యకు వచ్చి, ఎర్ర గీతలు కలిసినచోటికి వేలెడు కింద ఆగింది. ఎడమ రొమ్ముకు ఇచ్చే ట్రీట్‌మెంటు అది. వేలెడు తప్పితే గుండె ఉంటుంది.

"భయపడ్డది పాపం," అని సంపత్ సార్ చేయి తీసేశాడు. "పోయి కూసోబెట్టు. ఛాయ్ తాగినంక మళ్ళ పెడుదాం."

దారి దొరికింది. లోపలికి పోయి, ఛాయ్ తాగించి, ఈసారి సరిగ్గా పెడితే చాలు, ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో దెబోరాకే తెలుసు. రెండడుగులు వేసి తెర వంక చూసింది. ఎల్లక్క కళ్ళు మూసుకుని తొట్టెల పాట కూనిరాగం తీస్తోంది.

"ఆమెకేం భయం లేదు సార్," అంది దెబోరా. "భయం నాది. పాత దండ చుక్కకు గీతలు పెట్టిన. పెన్ను గీత పోయింది, మీకు చెప్పలే."

సంపత్ సార్ తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు. "నేను లేంది నువ్వు పెట్టొద్దుండె," అన్నాడు. "నిన్నొక్కదాన్ని ఇడిచి నేను పోవద్దుండె. రిపోర్టుల ఇద్దరి పేర్లు రాస్త."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. తేలు కూర్చున్నచోట దెబోరా వేలు పెట్టింది. అది గోరు మీదికి ఎక్కింది. చల్లగా అరచేతి వెనక పాకి మణికట్టు మీద ఆగింది. అది ఖాళీ చేసినచోట ఆస్పత్రి చుక్క కనిపించింది. గీతలు దాని మీదికి తెచ్చారు. పక్క చుక్కలు ఎవరూ లాగకుండానే కలిశాయి.

"తేలు నా చేతి మీదికి వచ్చింది అవ్వా," అంది దెబోరా. "ఎట్ల పంపాలె?"

"ఉండనీ బిడ్డ," అంది ఎల్లక్క కదలకుండా. "నాతోని యాభై ఏండ్లు ఉన్నది. ఇగ నీకే దానితోని పని."

మిగిలిన పద్నాలుగు రోజులూ ఎల్లక్క ఆ బల్ల మీద గుర్రుపెట్టి నిద్రపోయింది. రెండో హెచ్చరిక కాగితం ఆ సోమవారం సాయంత్రానికే వచ్చింది. మళ్ళీ ఆర్నెల్లు. బ్యాగులోని ఉత్తరాన్ని దెబోరా ఇవ్వలేదు. భయం పోతుందని కదా మానేద్దామనుకుంది. అది చేతి మీదెక్కి వెంటే వచ్చేశాక మానేసి ఏం లాభం?

ఆర్నెల్లు గడిచాయి, డిగ్రీ వచ్చింది, అదే గదిలో ఉద్యోగమూ వచ్చింది. ఇప్పటికీ ప్రతి పేషెంటును పెట్టాక, తలుపు మూసే ముందు సంపత్ సార్ అడుగుతాడు.

"దెబోరా, తేలు ఏడుంది?"

ఆమె చొక్కా చేయి పైకి జరిపి చూసుకుంటుంది.

"మోచెయ్యి దాటింది సార్."

ఆయన కుర్చీలోంచి లేస్తాడు. ఇద్దరూ మళ్ళీ లోపలికి వెళ్ళి చుక్కలు మొదటి నుంచి చూస్తారు.